కుక్కతో చెప్పిన మాట

మావిస్ ముసలమ్మ మళ్ళీ వీపు తిప్పేసింది.

కంపెనీ దుబాసీ క్లెమ్ జీపు దిగాడో లేదో, తన మడత కుర్చీ ఎత్తి అవతలి వైపుకి వేసుకుని, ఎర్రటి గుట్టలకేసి మొహం పెట్టి కూర్చుంది. క్లెమ్ కూడా తక్కువేం తినలేదు. దూరంగా యూకలిప్టస్ చెట్టు మొదట్లో, ఆమెకి వీపు పెట్టి చతికిలబడ్డాడు. ఇద్దరి మధ్యా చెవి తెగిన కుక్క ఒకటి.

రోవెనా నిట్టూర్చింది. ఇనుప ఖనిజం తవ్వే కంపెనీలో ఆమె ఉద్యోగం, తవ్వబోయే చోట పవిత్ర స్థలాలేవైనా ఉన్నాయేమో ఆ నేల ఆదివాసీ పెద్దల్ని అడిగి తెలుసుకోవడం. ఈ నేలకి పెద్ద మావిస్. గని విస్తరించే దారిలో ఒక రాతిగుహ ఉంది. మావిస్ వద్దంటే గని పక్కకి తిరుగుతుంది. సరేనంటే గుహని పేల్చేస్తారు. ఆమె ఏమందో పైవాళ్ళకి చెప్పాల్సింది రోవెనా.

"అడుగు క్లెమ్."

క్లెమ్ చెట్టుతో చెబుతున్నట్టు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. కాసేపటికి మావిస్ కుక్క వీపు నిమురుతూ, దాని కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది.

"వద్దంటోంది," అన్నాడు క్లెమ్. "లోపల వాళ్ళ అమ్మమ్మలు నిద్రపోతున్నారట. నిద్రపోయేవాళ్ళ నెత్తిన ఎవరైనా మందుగుండు పేలుస్తారా అంటోంది."

"కుక్కతో కదా మాట్లాడింది?"

"నాకూ చెవులున్నాయి రోవెనా. దానికంటే ఒకటి ఎక్కువే."

తిరుగు దారిలో రోవెనా అడిగింది, "ఆంటీ మావిస్ ఎప్పుడూ ఇంతేనా?"

"ఆవిడా? మంచి మనిషి," అని కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె పేరు పలకలేదు. ఎప్పుడూ పలకడు. రోవెనా అది ఎప్పుడో గమనించింది.

క్లెమ్ ఎక్కడో సముద్రపు ఒడ్డునుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాడు. పైగా కంపెనీ చొక్కా తొడుక్కున్నవాడు. ముసలమ్మకి నచ్చకపోవడంలో వింతేముంది? మొహం చూడని మనిషి మాటని ఇతనెలా మోసుకొస్తున్నాడు? గని మీద తనకున్న కోపాన్నే ఆమె పేరుతో అప్పజెబుతున్నాడేమో. ఆ అనుమానం రోవెనా మనసులో ముల్లులా దిగింది. అడిగేస్తే తేలిపోయేది. అడిగితే నొచ్చుకుంటాడని ఊరుకుంది. ఎవరినీ నొప్పించకపోవడం తనలోని మంచితనమని ఆమె నమ్మకం. దాని అడుగున ఉన్నది భయమేమోనని అప్పుడప్పుడూ తోస్తుంది. తోచినప్పుడల్లా ఏదో ఒక పని పెట్టుకుంటుంది.

ఆ వారమే క్లెమ్ చుట్టాలెవరో పోయారని అంత్యక్రియలకి వెళ్ళాడు. ఫోన్ అందని చోటు. రోవెనా నగరం నుంచి ట్రిస్టన్ని పిలిపించింది. మనుషులతో కలుపుగోలుగా మాట్లాడటంలో అతనికి మంచి పేరుంది.

ట్రిస్టన్ కుర్చీ లాక్కుని మావిస్‌కి ఎదురుగా కూర్చుని, ఆమెకి కాస్తో కూస్తో తెలిసిన ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు. మావిస్ వీపు తిప్పలేదు. నేలకేసి చూస్తూ నవ్వుమొహం పెట్టింది.

"బాగున్నారా ఆంటీ?"

"ఊఁ."

"టీ తాగుతారా?"

"ఊఁ."

ఇచ్చిన కప్పు పక్కన పెట్టుకుంది.

"ఇక్కడ మాకు పని పడింది. మీకు కష్టంగానే ఉంటుంది. అయినా అర్థం చేసుకుంటారు కదా?"

"ఊఁ."

"గుహలో ఉన్నవన్నీ జాగ్రత్తగా తీసి దాచిపెడతాం. అప్పుడు పేల్చినా ఫరవాలేదు కదా?"

మావిస్ కుక్కకేసి చూసింది. దానితో ఏమీ అనలేదు.

"ఊఁ," అంది.

"ఇంత నెమ్మదస్తురాలిని పట్టుకుని మీవాడు ఇన్నాళ్ళు ఏం చేశాడు?" అన్నాడు ట్రిస్టన్, జీపెక్కుతూ. రోవెనా నవ్వింది. ఒక మనిషి ఎదురెదురుగా కూర్చుని, నవ్వుతూ, అవునంది. అంతకంటే ఏం కావాలి? కుర్చీ పక్కన టీ మీగడ కట్టిపోయి ఉండటం ఆమె చూసింది. చూసి కూడా, ఆ సాయంత్రమే పైవాళ్ళకి కబురు చేసింది.

క్లెమ్ తిరిగొచ్చేసరికి గుహ చుట్టూ తవ్విన గుంతల్లో మందుగుండు కూరేశారు. కూరినదాన్ని వెనక్కి తీయడం కుదరదన్నారు. మధ్యాహ్నం సైరన్ మోగింది. నేల ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు పైకి లేచి, కిందికి కూలింది. ఎర్రటి దుమ్ము ఆకాశాన్ని కమ్మేసింది.

మావిస్ కుర్చీలో లేదు. నేలమీద కూర్చుని, నెత్తిన మన్ను పోసుకుంటూ సన్నగా రాగం తీసి ఏడుస్తోంది. దూరంగా చెట్టుకింద క్లెమ్, అటు తిరిగి, తలవంచుకుని ఉన్నాడు. కుక్క ఇద్దరి మధ్యా అటూ ఇటూ పరిగెడుతోంది.

రోవెనా అతని దగ్గరికి వెళ్ళింది. "ఆమె ఒప్పుకుంది క్లెమ్. ట్రిస్టన్ అడిగితే సరేనంది. నేను అక్కడే ఉన్నాను."

"పరాయివాడు ఎదురుగా కూర్చుని అన్నేసి ప్రశ్నలు వేస్తే ఊఁ అనక ఏం చేస్తుంది? వాడు లేచి వెళ్ళిపోవాలని అలా అంది. ఆవిడ చెప్పాల్సింది నాతో చెప్పేసింది."

"నీతోనా? నీ మొహమే చూడదు. నువ్వంటే ఆమెకి ఎందుకంత ద్వేషమో నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు."

క్లెమ్ తలెత్తి ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపముంటే రోవెనా ఎలాగో తట్టుకునేది.

"నీకు తెలుసనుకున్నాను," అన్నాడు. "మేం ఒకరికొకరం ఎదురుపడకూడదు. మాట్లాడుకోకూడదు. పేరు పలకకూడదు. మాలో అంతకు మించిన గౌరవం ఇంకోటి లేదు."

మళ్ళీ చెట్టుకేసి తిరిగాడు.

"ఆవిడ మా అత్తగారు."