ఇంకాస్త పెద్ద సైజు

"ఈసారి చెప్పిన తేదీకి సరుకు బయటికి వెళ్ళకపోతే ఈ షెడ్డుకి తాళం నేనే వేస్తాను," అని ఇంజనీరు భార్య తెగేసి చెప్పింది.

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అప్పటికే తాళం కొని బొడ్లో దోపుకుంది కూడా.

ఇంజనీరు బిక్కమొహం వేశాడు. ఆయన కనిపెట్టిన యంత్రానికి ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని జనం ముందే డబ్బు కట్టారు. వీడియో చూసి మోజుపడి కట్టారు. ఆ వీడియోలో ఇంజనీరుకి నల్లటి జుట్టుంది. సరుకు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరికీ అందలేదు.

ఆ యంత్రాన్ని ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. మొగుడు ఎంతసేపూ దాని పక్కనే ఉంటాడని ఆవిడ దానికి 'సవతి' అని పేరు పెట్టింది. అదే స్థిరపడిపోయింది.

తాళం చూశాక, ప్లానింగ్ తెలిసిన మనిషి కావాలని ప్రకటన ఇద్దామనుకున్నారు. వేరే దారి తెలియక బావమరిది దాన్ని కస్టమర్లకి పంపే మెయిల్లోనే పెట్టేశాడు. వాళ్ళనుంచి తిట్లు బోలెడు వచ్చాయి, ఉద్యోగానికి వచ్చింది మాత్రం ఒక్కతే. కాలేజీలోంచి అప్పుడే బయటపడ్డ అమ్మాయి. జీతం ఊసే ఎత్తలేదు. తిన్నగా సవతి దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత పెద్దదా!" అంది.

షెడ్డులో సగం అదే ఉంది మరి.

ఆ అమ్మాయి గోడమీది బోర్డు శుభ్రంగా తుడిచింది.

"దీని భాగాలకి అచ్చులు చేసేవాడు ఎన్నాళ్ళలో ఇస్తానంటాడు సార్?"

"నెలలో."

"ఎన్నాళ్ళకిస్తాడు?"

"మూడు నెలలకి."

"మరి ప్లానులో నెల అని ఎందుకు రాశారు?"

బావమరిది అందుకున్నాడు. కస్టమర్లకి మెయిళ్ళు రాసే పని అతనిదే.

"మూడు నెలలంటే జనం బాధపడతారమ్మా. వచ్చే నెలే అంటే సంతోషిస్తారు. నేను ప్రతి నెలా సంతోషపెడుతున్నాను."

ఆ అమ్మాయి అతని చేతిలోంచి మార్కరు లాక్కుంది.

తర్వాత మోటారు సంగతి వచ్చింది. "ఇది నడుస్తుంటే చప్పుడు వినపడకూడదు," అన్నాడు ఇంజనీరు. "వినపడిందా, కొన్నవాళ్ళు నా పీక పిసుకుతారు." అలాంటి మోటారు ఓడలో రావాలి. ఓడ ఆలస్యంగా వస్తుందని ఆ అమ్మాయి ముందే రాసుకుంది. భద్రత పరీక్షలో మొదటిసారి తప్పుతామని కూడా రాసేసింది.

"తప్పుతామని నీకెలా తెలుసు?"

"మొదటిసారి అందరూ తప్పుతారు సార్."

బావమరిది కళ్ళు తేలేశాడు. బోర్డుమీద తేదీ అలా అంతకంతకూ దూరం జరిగిపోతుంటే ఇంజనీరు ప్రాణం ఉసూరుమంది.

"అసలు ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగింది?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఎక్కడా ఆగలేదమ్మా. జనం మాట కాదనలేకపోయాం," అన్నాడు బావమరిది. "అచ్చులు తయారయ్యేసరికి మెయిళ్ళు మొదలయ్యేవి. ఈ సైజు మాకిక సరిపోదు, ఇంకాస్త పెద్దది చెయ్యండి అని. సరేనని పెద్ద అచ్చులు, పెద్ద మోటారు చెప్పేవాళ్ళం. అవి వచ్చేసరికి మళ్ళీ అవే మెయిళ్ళు."

బరువు ఆపుతుందో లేదో చూడ్డానికి మొదట్లో చిన్న ఇసుక సంచి పెట్టేవారు. ఇప్పుడు బస్తా పెడుతున్నారు.

"జనం ఆశకి అంతులేదు," అని నిట్టూర్చాడు ఇంజనీరు.

"ఇకమీదట సైజు ముట్టుకోకండి సార్."

"మళ్ళీ అడిగితే?"

"అడగరు. పెరగాల్సినంత పెరిగిపోయింది."

ఇంజనీరు స్టూలుమీద కూలబడ్డాడు. "మొట్టమొదట డబ్బు కట్టిన ఒకావిడ ఉందమ్మా. అందరూ దుమ్మెత్తిపోశారు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. మీమీద నమ్మకముంది బాబూ అని రాసింది. నేను పోయేలోగా ఆవిడ ఒక్కదానికైనా అందించాలి. సిగ్గుతో చచ్చిపోతున్నాను." ఈ మాట ఆయన భార్యతో కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆ అమ్మాయి బోర్డుమీద చివరి తేదీ చుట్టూ పెద్ద సున్నా చుట్టింది.

"అందుతుంది సార్," అంది.

అచ్చులవాడు నెలన్నాడు, మూడు నెలలకిచ్చాడు. ఓడ ఆలస్యంగా వచ్చింది, సరిగ్గా బోర్డుమీద రాసినంత ఆలస్యంగా. పరీక్షలో మొదటిసారి తప్పిన రోజున షెడ్డులో అందరికీ మిఠాయి పంచారు. జీవితంలో మొదటిసారి ఓ పని అనుకున్నట్టు జరిగిందని బావమరిది ఆనందం పట్టలేక అచ్చులవాణ్ణి కౌగిలించుకున్నాడు.

చెప్పిన తేదీ పొద్దున్నే మొదటి సవతి తయారైంది. ఇంజనీరు భార్య దాన్ని ఎగాదిగా చూసి, బొడ్లోంచి తాళం తీసి చెత్తబుట్టలో పడేసింది.

ఇంజనీరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "లారీ పిలవరా. ఆవిడకి నేనే స్వయంగా ఇచ్చొస్తాను," అన్నాడు బావమరిదితో.

"లారీ ఎందుకు సార్?" అంది ఆ అమ్మాయి. "ఆవిడ ఎవరికోసం కొన్నారో వాళ్ళకి అందితే చాలదూ?"

"చాలు తల్లీ. కానీ వాళ్ళెక్కడున్నారో ఏమో!"

ఆ అమ్మాయి చెప్పులు విప్పి, సవతిలోకి ఎక్కి, హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుని, "నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ కొన్న ఊయల సార్ ఇది, ఒక్కసారి స్విచ్చి వెయ్యండి," అంది.