తొమ్మిదో రోజు మొక్కు

క్రిస్మస్‌కి ముందు తొమ్మిది రోజులూ వరసగా చర్చికి వెళితే కోరిక తీరుతుందని ఫిలిప్పీన్స్ మరిసెల్ నమ్మకం. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో రోజు, కువైట్‌లోని రుమైథియా పేటలో ఆమె పనిచేసే ఇంటికి చుట్టాలొచ్చారు. వంటచేసే మరిసెల్‌ని, పనివాళ్ళు ‘మామా’ అని పిలిచే ఇంటావిడ కదలనివ్వలేదు.

“మామా పంపదట. ఖలాస్, అంతా అయిపోయింది!” అని గరిటె పడేసింది మరిసెల్.

“మా అమ్మ మొక్కులు నేనే తీర్చేదాన్ని. నేనెళ్తాలే. ఇంతకీ ఏం కోరుకున్నావ్?” అంది అదే ఇంట్లో పనిచేసే అరుణజ్యోతి.

మరిసెల్ ఫోన్‌లో తన ఊరి రాతి చర్చి చూపించింది. “స్పెయిన్ వాళ్ళు కట్టారు. వాళ్ళు పోయారు, పండుగ మాకుండిపోయింది. వచ్చే ఏడు నేనక్కడుండాలి. మళ్ళీ కువైట్ రాకూడదు.”

చర్చిలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో జ్యోతికి తెలియలేదు. లేచినా కూర్చున్నా, ఇద్దరూ పడుకునే గదిలో మరిసెల్ మంచమే ఖాళీగా కళ్ళముందు మెదిలింది.

తిరిగొచ్చేసరికి మరిసెల్ గుమ్మంలోనే ఉంది. “అడిగావా?”

“అడిగాను,” అంది జ్యోతి, చెప్పుల పట్టీ విప్పుతూ.

అడిగింది మాత్రం, మరిసెల్‌ని పంపొద్దని.