మొద్దు గరిటె

ఏప్రిల్ 3. పొద్దున చిరుజల్లు. ఆరబెట్టిన తేయాకు లోపలికి చేర్చి, నా భార్య ల్వే పో తాగే పొగాకు పైపు గీకే పనిముట్టు కోసం నమ్సాన్ సంతకు వెళ్లాను. ఆమె మంచం పట్టి చాలా రోజులైంది.

కమ్మరి మై లా పదునైన కత్తి తీసి ఇచ్చాడు. "ఇది పట్టుకెళ్లు బావా. లోపల కర్ర బయటపడేదాకా గీకుతుంది."

మా ఊళ్లో మనిషితోపాటు పైపునూ పూడుస్తాం. ముందు దాని లోపలి మసిపొర మొత్తం గీకేస్తాం. బతికున్నవాళ్ల పైపులో మాత్రం పల్చగా ఉంచుతాం, లేకపోతే పొగ చేదెక్కుతుంది.

"ఆ మొద్దు గరిటె ఇవ్వు" అన్నాను.

"దాంతో పొర మిగిలిపోద్ది. డాక్టరు చెప్పింది ఊరంతా విన్నాంగా!"

"డాక్టరు పైపు తాగడు. గరిటె ఇవ్వు."

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని గీకాను. ల్వే పో కళ్లు మూసుకునే ఉంది.

"కత్తి కాదుగా?" అంది కాసేపటికి.

"నీకెలా తెలిసింది?"

"ఇందాకట్నుంచి చప్పుడే వింటున్నా ముసలోడా. అయితే పొగాకు నింపు."

నింపాను. సాయంత్రం తేయాకు మూటలు... ఇక రాయడం ఆపాలి, ల్వే పో నిప్పేదీ అని కేకేస్తోంది.