రెండు తాళ్ల తెప్ప

“నా ముడి ఊడితే పేరు మార్చుకుంటా,” అన్నాడు బావ.

“కొత్త పేరు ఇప్పుడే ఆలోచించి పెట్టుకో బావా,” అన్నాడు బావమరిది.

ఇద్దరూ సముద్రంలో నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. మధ్యలో గాలి నింపిన ప్లాస్టిక్ తెప్ప. దాని మీద ఒకరికి పెళ్లాం, ఇంకొకరికి అక్క అయిన మనిషి మొహం మీద టోపీ వేసుకుని పడుకుంది.

బావ లిఫ్టు మెకానిక్. బావమరిది లారీ డ్రైవర్. ఇద్దరూ తాళ్లను నమ్ముకుని బతికేవాళ్లే. ఒకరి ముడి ఒకరికి పడదు. తెప్ప అడుగున, నీళ్లలో, తల వైపు ఒక రింగు, కాళ్ల వైపు ఒక రింగు ఉన్నాయి. తల వైపు బావ తాడు కట్టి, కొసకు చిన్న ఇనప లంగరు తగిలించి దించాడు. కాళ్ల వైపు బావమరిది తాడు కట్టి ఇసుక నింపిన సంచి దించాడు.

ఒడ్డున కాపలా ఉన్న గజ ఈతగాడు విజిల్ ఊదాడు.

“గాలి సముద్రంలోకి కొడుతోంది! తెప్ప జారిందంటే మీకు చిక్కదు. తాడు గట్టిగా ఉందా?”

“రెండున్నాయి,” అన్నాడు బావ.

“అందులో ఒకటి గట్టిది,” అన్నాడు బావమరిది.

“మీ గోల తగలెయ్య!” టోపీ కింద నుంచి గొంతు వచ్చింది. “నాకు ఈత రాదు. ఏదో ఒకటి గట్టిగా కట్టి అవతలికి పోండి.”

ఒడ్డుకొచ్చి గొడుగు కింద కూర్చున్నారు. తెప్ప ఉన్నచోటే ఊగుతోంది.

“చూశావా, నా సంచి దెబ్బకి అంగుళం కదల్లేదు,” అన్నాడు బావమరిది బిస్కెట్ నములుతూ.

“నీ సంచి మొహం. పట్టుకుంది నా లంగరురా.”

“నీకెలా తెలుసు?”

రెండు తాళ్లున్నంతసేపు అది ఎవరికీ తెలియదు.

బావమరిది చేతులు దులుపుకుని లేచాడు. అక్కకు మంచినీళ్ల సీసా ఇచ్చొచ్చాడు. కాసేపటికి బావ లేచాడు.

“దాని కళ్లద్దాలు ఇచ్చొస్తా.”

కళ్లద్దాలు ఇచ్చాడు. ఇచ్చి, తెప్ప కిందికి చెయ్యి పోనిచ్చి, కాళ్ల వైపు ముడిని తడుముకుంటూ విప్పేశాడు. సంచి తాడు నీళ్లలోకి జారిపోయింది. కాసేపాగి బావమరిదిని పిలుచుకొచ్చి, సంచి లేకపోయినా తెప్ప కదల్లేదని చూపిస్తే చాలు, వాడి నోరు ఏడాదిపాటు లేవదు. పెళ్లాం ప్రాణంతో ఆటలాడుతున్నానని అతనికి అనిపించలేదు. తన లంగరుంది కదా. తన ముడిని మాత్రం తడిమి చూడలేదు. అది నామోషీ.

అతను ఒడ్డుకొచ్చి తువ్వాలు అందుకునేసరికి విజిల్ మోగింది. ఆగకుండా మోగింది.

తెప్ప అలలు దాటి పోతోంది. దాని మీద ఆవిడ లేచి కూర్చుని కేకలు పెడుతోంది.

“లేవకు! పడుకో!” బావ మెడలోతు దాకా పరుగెత్తి ఆగిపోయాడు. అతనికీ ఈత రాదు. పక్కన బావమరిది “అక్కా! అక్కా!” అని అరుస్తున్నాడు. గజ ఈతగాడు ఇద్దరినీ దాటుకుని ఈదుకుంటూ వెళ్లాడు. తెప్పను అందుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒడ్డుకు లాక్కురావడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

ఆవిడ ఇసుకలో చతికిలబడి, వణుకు తగ్గాక అడిగింది.

“ఎవరి ముడి ఊడింది?”

బావకు అనుమానమే లేదు. తన ముడి ఊడింది. ఆపాల్సిన రెండోదాన్ని తన చేత్తోనే విప్పాడు.

“నాదే. వాణ్ణేమీ అనకు,” అన్నాడు.

బావమరిది బావ చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లి, గొంతు తగ్గించి చెప్పాడు.

“తప్పు నీ మీదేసుకోకు బావా. నీది ఊడలేదు, నేనే విప్పాను. నాదెలా ఊడిందో అదే అంతుపట్టట్లేదు.”