లెఫ్టినెంట్ హార్టుంగ్ సాక్షి

1917 అక్టోబరులో ఒక మంగళవారం ఉదయం, బెల్జియం తీరాన ఒక బ్రిటిష్ యుద్ధవిమానం సముద్రంలో పడి మునిగిపోయింది.

పడగొట్టినవాడు జర్మన్ లెఫ్టినెంట్ హార్టుంగ్. చూసినవాడు ఎవడూ లేడు.

అదే వచ్చిన చిక్కు. బయటివాడొకడు చూశానని చెబితేనే వైమానిక దళంలో అది విజయం కింద లెక్క. హార్టుంగ్ ఇదివరకు కొట్టిన విమానాలు ఒకటి మంచులో, ఒకటి మబ్బులో కలిసిపోయాయి. "ఇంకొకసారి ఇలాగే వచ్చి చెప్పావంటే, కుర్రాళ్ళకు ఎగరడం నేర్పే బడికి పంపించేస్తాను" అని కెప్టెన్ లూడోల్ఫ్ ముందే చెప్పి ఉన్నాడు.

హార్టుంగ్ విమానాన్ని ఇసుకలో దింపాడు. చక్రాలు కూరుకుపోయాయి. దిగి నాలుగు దిక్కులా వెతికాడు.

ఇసుకదిబ్బ చాటున చేపలవాడొకడు కూర్చుని వణుకుతున్నాడు. ఎర్రమీసం. ఒళ్ళంతా తడి. చొక్కా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"ఏమయ్యా! ఇందాక విమానం పడింది, చూశావా?"

చేపలవాడు ఇసుకలో కూరుకున్న విమానం వైపు చూశాడు.

"చూశాను దొరా."

హార్టుంగ్ వాణ్ణి వాటేసుకున్నాడు.

"నీ వల ఏదీ?"

"ఉన్నదంతా సముద్రంలో పోయింది. మీ చలవే."

వాడి జర్మన్ అంతంతమాత్రం. ఈ తీరంలో అందరి మాటా ఇంతే కాబోలు అనుకున్నాడు హార్టుంగ్.

"వచ్చి మా కెప్టెన్‌తో ఆ ఒక్క మాట చెప్పి పో."

"పనుంది దొరా. మా అక్క ఉండేది హాలండ్‌లో. అక్కడికి పోతున్నా."

"సరిహద్దు నేను దాటిస్తాగా! కాపలావాళ్ళు నా మాట కాదంటారా?"

చేపలవాడు లేచి నిలబడ్డాడు.

"అయితే పదండి."

హార్టుంగ్‌ను వెతుక్కుంటూ దళం కారు తెచ్చిన మెకానిక్ ఎగాన్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటయ్యా, ఆముదం కంపు?"

"పొద్దున కాస్త మింగాను."

"ఓరి నీ అదృష్టం! యుద్ధం మొదలయ్యాక నేను చుక్క ఆముదం చూస్తే ఒట్టు. నీకెక్కడ దొరికింది?"

"ఎక్కువే దొరికింది. కారు కాస్త తొందరగా పోనివ్వండి."

విమానాశ్రయం చేరగానే చేపలవాడు మరుగుదొడ్డి ఎక్కడని అడిగి పరిగెత్తాడు.

తర్వాత కెప్టెన్ ముందు నిలబడ్డాడు.

"మొదటిసారి కాల్చినవి ఎడమకు పోయాయి దొరా. రెండోసారి నూనెతొట్టి పగిలింది. మూడోసారి అక్కర్లేదు. అయినా కాల్చారు."

కెప్టెన్ హార్టుంగ్ వైపు తిరిగాడు.

"నిజమేనా?"

"నిజమే కెప్టెన్ గారూ." హార్టుంగ్ తలదించుకున్నాడు.

"ఒడ్డు నుంచి ఇంత కనబడిందా నీకు?"

"నాకు బాగానే కనబడింది."

"మరి విమానం నడిపినవాడు?"

"హడలి చచ్చాడు దొరా."

"అదీ కనబడిందా!"

"అదే ముందు తెలిసింది."

కెప్టెన్ బల్ల చరిచాడు. "వీడి కళ్ళు నీకుంటే ఈపాటికి డజను పడగొట్టేవాడివి హార్టుంగ్! ఈయనకు భోజనం పెట్టండి. వంటవాడి సైకిల్ ఇచ్చి పంపండి."

"నా సైకిలా?" అన్నాడు వంటవాడు గుస్టల్.

"మీ సైకిల్ ఉంచుకోను. ఇది నా మాట," అన్నాడు చేపలవాడు. టర్నిప్ సూప్ రెండు గిన్నెలు తాగి మళ్ళీ మరుగుదొడ్డికి పరిగెత్తాడు.

యుద్ధంలో లేని హాలండ్ సరిహద్దున, కరెంటు కంచె దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు.

"ఈయన నా సాక్షి. తలుపు తీయవోయ్!" అని కసిరాడు హార్టుంగ్.

తలుపు తెరుచుకుంది. చేపలవాడు సైకిల్ ఎక్కి, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

హార్టుంగ్‌కు విజయం దక్కింది. మొదటి విజయానికిచ్చే వెండికప్పు వచ్చింది. అందులో బీరు పోసి దళమంతా చేపలవాడి పేరు మీద తాగారు. గుస్టల్ తాగలేదు.

"వాడు దొంగ. చూస్తూ ఉండండి, సైకిల్ రాదు."

"నా సాక్షిని ఏమైనా అన్నావో, ఊరుకోను!"

క్రిస్మస్ ముందురోజు ఒక బ్రిటిష్ విమానం విమానాశ్రయం మీదికి చెట్ల ఎత్తున వచ్చింది. అందరూ గోతుల్లోకి దూకారు. బాంబు పడలేదు. చిన్న పారాచూట్‌కు వేలాడుతూ ఒక రేకుడబ్బా దిగింది.

పైలట్ తల బయటపెట్టి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. హార్టుంగ్‌కు ఎర్రమీసం కనబడింది.

ఎగాన్ డబ్బాను లోపలికి తెచ్చి, మూత తీసి వాసన చూశాడు.

"ఆముదం. వాళ్ళ ఇంజిన్లలో పోసేది. తొట్టి పగిలితే నడిపేవాడి నోట్లోకే చిమ్ముతుంది."

కెప్టెన్ హార్టుంగ్ వైపు చూశాడు. హార్టుంగ్ బల్ల మీది వెండికప్పు వైపు చూశాడు.

డబ్బా మెడకు సైకిల్ గంట ఒకటి కట్టి ఉంది.

గుస్టల్ విప్పి మోగించి చూశాడు. తనదే.