ఇంకో రెండంగుళాలు

"షూ విప్పు. సాక్సులు కూడా" అన్నాడు జట్టుకి కుర్రాళ్ళని ఎంచి, కొలతలు తీసే విట్లాక్.

జెర్మెల్ నెమ్మదిగా వంగాడు. కాళ్ళకున్నది ఒక జత కాదు, మూడు జతల సాక్సులు. ఒక్కొక్కటీ ఊడి వస్తుంటే పక్కనే ఉన్న తల్లి ఒడెస్సా, ఆ సాక్సులతో తనకేమీ సంబంధం లేనట్టు పైకప్పు చూస్తూ నిలబడింది.

వాళ్ళ ఊరు గేరీలో ప్రతి హైస్కూల్ కోచ్ తన బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళకి కాగితం మీద రెండంగుళాలు ఉచితంగా కలుపుతాడు. దాన్ని ఎవరూ తప్పనుకోరు. కాని ఇది షికాగో, ప్రొఫెషనల్ జట్టు జిమ్. ఇక్కడ వట్టి కాళ్ళతో కొలుస్తారు. మనిషి నిలబడేకొద్దీ పొట్టిబడతాడని ఎవరో చెప్పారని, ఒడెస్సా కొడుకుని దారంతా వ్యాన్ వెనకాల పడుకోబెట్టి తీసుకొచ్చింది. లేస్తే చంపేస్తానంది.

అంత పడుకున్నా గోడ దయ తలచలేదు.

"ఆరడుగుల ఆరంగుళాలు. ఎనిమిదని రాశారే?"

"పొద్దున ఎనిమిదే సర్. మిమ్మల్ని చూసి భయంతో ముడుచుకుపోయాడు" అంది ఒడెస్సా.

విట్లాక్ నవ్వలేదు. "ఆట బాగుంది. కాని ఈ పొడవు కుర్రాళ్ళు మాకు చాలామందే ఉన్నారు. ఇంకో రెండంగుళాలు పెరుగుతాడంటే చెప్పండి, ఆలోచిస్తాం."

జెర్మెల్‌కి వేరే గతి లేదు. ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టిన రోజే కాలేజీలో ఆడే దారి మూసుకుపోయింది; ఏజెంటున్న కుర్రాణ్ణి కాలేజీ జట్లు చేర్చుకోవు. పిలిచింది ఈ ఒక్క జట్టే. ఇక్కడ కూడా కాదంటే, మేనమామ వెనకాల ఉక్కు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాల్సిందే.

"పెరుగుతాడు సర్, పద్దెనిమిదేళ్ళేగా. నిన్న ఇంకో జట్టు వాళ్ళు కూడా ఫోన్ చేసి ఇదే మాటన్నారు" అంది ఒడెస్సా.

నిన్న ఫోన్ చేసింది చర్చివాళ్ళు. ఆదివారం కేకులు ఎవరు తెస్తారని.

"తండ్రి ఎంత పొడవు?"

"ఆరడుగుల ఏడంగుళాలు."

జెర్మెల్ నేల చూపులు చూశాడు. మొన్న ఏజెంటుకి ఆరడుగుల అయిదని చెప్పింది.

"ఎక్కడున్నాడు?"

"పోయాడు సర్."

"ఎదురుగా లేని తండ్రులందరూ ఏడడుగులకి దగ్గర్లోనే ఉంటారమ్మా. నేను కంటితో చూసిందే రాస్తాను. మీరూ ఆ ఎత్తుమడమల జోళ్ళు విప్పి గోడ దగ్గర నిలబడండి."

ఒడెస్సా నిలబడింది. అయిదడుగుల ఒక అంగుళం.

విట్లాక్ కలానికి మూత పెట్టేశాడు. "తల్లిని బట్టే కదా బిడ్డ. ఇతను ఇక పెరగడు. ఏమనుకోకండి."

జెర్మెల్ వంగి సాక్సులు ఏరుకుంటున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు.

"ఆగండి సర్. నన్ను కొలిచి లాభం లేదు. వీణ్ణి నేను కనలేదు."

విట్లాక్ తలెత్తాడు.

"వీడి తల్లి నా స్నేహితురాలు, రోలెట్. ఆరడుగుల రెండంగుళాలు. ఇరవయ్యేళ్ళు దాటాక కూడా పెరుగుతూనే ఉండేది. ఏటా దాని గౌన్ల అంచులు నేనే విప్పి కుట్టేదాన్ని. వీణ్ణి కన్న వారానికే పోయింది."

నవ్వు ఆపుకోవడానికి జెర్మెల్ పెదవి కొరుక్కున్నాడు. విట్లాక్ మళ్ళీ కలం మూత తీశాడు. "కన్నకొడుకుని కనలేదని ఏ తల్లీ అబద్ధం చెప్పదు" అన్నాడు.

"జూన్‌లో జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే రోజు ఫోన్ దగ్గరే ఉండు బాబూ. రెండో రౌండ్‌లో నీ పేరు మేమే పిలుస్తాం."

వ్యాన్‌లో ఈసారి ముందు సీట్లో కూర్చున్నాడు జెర్మెల్. తలుపు పడగానే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అమ్మా, నువ్వు మామూలుదానివి కాదే. గౌన్ల అంచులు కూడా కుట్టేశావు. అంత అబద్ధం అప్పటికప్పుడు నోటికి ఎలా వచ్చింది?"

ఒడెస్సా బండి స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఇవాళ నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే నాన్నా" అంది.