పొట్టలో వెలుగు

ఫోటో తీసే చీకటి పెట్టెలో మత్తుమందుతో పడుకున్న ఎలుక పొట్ట తెర మీద ఎర్రగా మెరిసింది. పొద్దున, ఇల్లు దాటేవాళ్లు కాస్తయినా ఎంగిలి పడాలని అమ్మ కొరికించిన రొట్టె రుచి ఇంకా నోట్లో ఉండగానే, పరిశోధక విద్యార్థిని మోహ్లారో తెరకు దగ్గరగా వంగింది.

తోకలోకి ఎక్కించిన రంగు కణితిని వెతుక్కుంటూ పోయి అంటుకుంటుంది, కాంతి పడితే వెలుగుతుంది. మొన్నటిదాకా భుజం మీదే వెలిగేది. ఆమె కనిపెట్టిన మందుతో ఆ మచ్చ మాయమైంది. ఇవాళ ఆఖరి ఫోటోలు. ఆ పైన ఎలుకల్ని మత్తులోనే చంపి లోపల చూడాలి. తీరా చూస్తే అన్నిటికీ పొట్టలోనే వెలుగు.

కణితి లోపలికి పాకిందని, తన మందు పనికిరాదని, ఇంక ఆపేస్తానని మోహ్లారో ప్రొఫెసర్ తుర్గున్‌తో చెప్పింది. ఉస్తోజ్, అంటే గురువుగారూ, అని పిలుస్తారు గానీ తాష్కెంట్‌లో ఆయన పేరు చెబితే విద్యార్థులకు హడల్. ఎలుకకు ముద్దుపేరు పెడితే, ఇవేమన్నా నీ చుట్టాలా అని కసిరే మనిషి. వాటికి తెల్ల మేత తప్ప ఇంకేమీ పెట్టకూడదన్న రూలూ ఆయనదే.

అలాంటాయన ఇవాళ కోప్పడలేదు. "ముందు కోసి చూడమ్మా. ఏడుపు తర్వాత."

"ఫోటో అబద్ధం చెబుతుందా ఉస్తోజ్?"

"వెలుగుందని చెబుతుంది. ఎందుకుందో చెప్పదు."

మోహ్లారో ఒక్కో ఎలుకనూ కోసింది. కాలేయం శుభ్రంగా ఉంది, పేగులూ అంతే. కణితి జాడే లేదు. కడుపులో మాత్రం పచ్చటి ముద్ద, దానికంటుకుని పిండి పొర. వసంతం వచ్చిందంటే ఊరంతా తినే ఆకుకూర సంసా, సమోసా లాంటిదే. ఆకు పసరు కూడా ఈ కాంతికి ఎర్రగానే మెరుస్తుంది, తెల్ల మేత రూలు అందుకే.

మందు గెలిచింది. మోహ్లారోకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, వాటి వెనకే కోపం.

"మేత వేసే గుల్నోజా అక్క పనే ఇది. ఇవాళే ఆవిడ ఉద్యోగం ఊడగొట్టిస్తాను" అంటూ తలుపు దాకా వెళ్లింది.

"ఆగు" అన్నాడు తుర్గున్. కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో సగం తుంచిన సంసా ఉంది.

"ప్రయాణమయ్యే వాళ్లను ఎంగిలి పడకుండా ఎలా పంపనమ్మా?"